ఎర్ర ట్యాగు కట్టిన చెట్టు

గూళ్ళలో పిల్లలుండగానే చెట్టు కొట్టేశారు. నేను కట్టిన ట్యాగు విప్పి మరీ కొట్టేశారు. విప్పినవాడు తెలియక విప్పలేదు. ట్యాగు అంటే ఏమిటో, దాన్ని ఎవరు విప్పాలో, ఎవరు ముట్టకూడదో వాడికి చేయి పట్టుకుని నేర్పింది నేనే.

జరిగింది ఇది. ఎటు తిప్పి చెప్పినా దీన్ని ఇంతకంటే చిన్నది చేయలేను.

ప్లాంటు కాలనీ సెక్టార్ల నుంచి సుపేలా బజారు వైపు పోయే రోడ్డు పక్కన రెండు నిద్రగన్నేరు చెట్లు ఉండేవి. ఒకటి పోయింది. రెండోది ఇంకా నిలబడి ఉంది, దానిమీద గూళ్ళూ ఉన్నాయి. ఇంత కాగితం ఖరాబు చేస్తున్నది ఆ రెండోదాని కోసమే.

నేను ఈ ఊళ్ళో ఉక్కు ప్లాంటులో పనికి కుదిరేనాటికి ఆ చెట్లు నా నడుము ఎత్తు. మేకలు తినకుండా చుట్టూ ముళ్ళ తీగ ఉండేది. ఇప్పుడు ఇద్దరు మనుషులు చేతులు కలిపినా కౌగిట్లోకి రావు. వాన మొదలైతే కొంగలు దిగుతాయి. కింద నడిచేవాడి నెత్తిన రెట్ట, రోడ్డంతా కుళ్ళిన చేపల కంపు. బండి నీడన పెట్టినవాడు సాయంత్రం సీటు తుడుచుకుంటూ బూతులు తిట్టేవాడు. తిట్టేవాడు, అంతే. మర్నాడు మళ్ళీ అక్కడే పెట్టేవాడు. ఎవరూ గొడ్డలి ఎత్తలేదు.

ఆ చెట్ల వెనక పాత గోదాము ఒకటి ఉండేది. దాన్ని పడగొట్టి అద్దాల షోరూము లేపారు. టీవీలు, ఫోన్లు, ఫ్రిజ్‌లు, గాలి చల్లబరిచే మిషన్లు. దాని నెత్తిన బొమ్మలు కదిలే పెద్ద కరెంటు బోర్డు పెట్టాలన్నారు. రోడ్డు మీద వచ్చేవాడి కళ్ళకు బోర్డు తగలాలి కదా. మధ్యలో చెట్లు అడ్డం.

బోర్డు నిలబెట్టే కాంట్రాక్టు తీసుకున్నవాడు మావాడే. విజయనగరం వైపు మనిషి. ప్లాంటులో నా కింద పని నేర్చుకున్నాడు. ముందుగానే రిటైర్మెంటు తీసుకుని ఫ్లెక్సీలు, లైటు బోర్డుల వ్యాపారంలో పడ్డాడు. పెళ్ళిళ్ళకు, పార్టీలకు, చావులకు కూడా వాడి ఫ్లెక్సీలే. నేను పోతే నా బొమ్మా వాడే అచ్చు వేస్తాడని మా ఇంట్లో నవ్వుకునేవాళ్ళం.

ప్లాంటు ఎరగనివారికి ట్యాగు సంగతి చెప్పాలి. మిషను కడుపులోకి మనిషి దిగేముందు దాని స్విచ్చి ఆపి, ఆ స్విచ్చికి ఎర్ర రేకు ఒకటి కడతాడు. మనిషి పనిలో ఉన్నాడు, ముట్టవద్దు అని దాని అర్థం. కట్టినవాడే విప్పాలి. వాడు టీకి పోతే తాగి వచ్చేదాకా ఆగాలి. మరచిపోయి ఇంటికి పోతే మనిషిని పంపి, నిద్ర లేపి తీసుకురావాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా అరుస్తాడు, గంతులేస్తాడు, ట్యాగు మీద మాత్రం చేయి వేయడు.

అది లేనిచోట ఏమవుతుందో నేను చూశాను. ప్లాంటుకు రాకముందు, మీసం మొలవని వయసులో, ఇప్పుడు ఆనవాలు కూడా లేని ఒక రేకుల షెడ్డులో పనిచేశాను. తుక్కు ఇనుము కాల్చి ఊచలు లాగే చిన్న మిల్లు. అక్కడ ట్యాగూ లేదు, గీగూ లేదు. ఒక ఒరియా ఆయన, రోలర్ల మధ్య ఇరుక్కున్న ముక్కను ఊడదీయడానికి చేయి పెట్టాడు. అవతల ఎవడో స్విచ్చి వేశాడు. ఆయన అరిచాడో లేదో నాకు తెలియదు, మిల్లు చప్పుడులో ఏమీ వినపడదు. నేను అవతలి వైపు నిలబడి ఉన్నాను. రోలర్ల లోంచి నా వైపు చొక్కా గుడ్డ ఒకటి బయటికి వచ్చింది. గుడ్డే కదా అని పట్టుకుని లాగాను. దాంట్లో చేయి ఉంది. కాగితంలా నలిగి, వేళ్ళతో సహా ఉంది.

ఆ సాయంత్రమే మిల్లు మళ్ళీ తిరిగింది. రోలర్లు నీళ్ళు కొట్టి కడిగించారు. కడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నా దగ్గర పని నేర్చుకునే ప్రతివాడికీ మొదటి రోజు ఈ సంగతి చెప్పేవాణ్ణి. మావాడు విని, గోడవారకు పోయి వాంతి చేసుకుని, మూతి తుడుచుకుంటూ వచ్చాడు. ఆ తరవాత ట్యాగు విషయంలో వాడంత మొండివాడు మా వర్క్‌షాపులోనే లేడు. ఒకసారి వాడు కట్టిన ట్యాగు దగ్గరికి ఇంజనీరు వస్తే స్పానరు పట్టుకుని అడ్డం నిలబడ్డాడు. అలాంటివాడు.

షోరూము వాళ్ళు చెట్ల చుట్టూ తిరుగుతున్నారని తెలిసి నేను ఏం చేశానంటే, నూనె డబ్బా రేకు రెండు ముక్కలు కత్తిరించి, ఎర్ర రంగు పూసి, తెల్లరంగుతో హిందీలో రాశాను: పక్షులు పనిలో ఉన్నాయి, ముట్టవద్దు. ఇనుప తీగ పెట్టి రెండు చెట్లకూ కట్టాను.

మా ఆవిడ చూసి పకపకా నవ్వింది. "ఏటండీ, కొంగలికి డ్యూటీ ఏసేరా? మరి హాజరీ ఎవులు పలుకుతారు?"

"నువ్వు పలుకు. నోరు ఊరికే ఉండదు కదా."

"నాకేటి, పలుకుతాను. జీతం మాత్రం చేపలియ్యమనండి."

నవ్వితే నవ్వారు గానీ అది పనిచేసింది. కొట్టడానికి మొదట వచ్చిన ముఠాలో ఒక ముసలి ఛత్తీస్‌గఢీ మనిషి ఉన్నాడు, ఒకప్పుడు ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. రేకు చదివి, తాడు మళ్ళీ చుట్టేసి, కట్టిందెవరని హిందీలో అడిగాడు. నేనే అన్నాను. "అయితే మీరు విప్పాకే వస్తాం, దాదా" అని బండి ఎక్కి పోయారు. రోడ్డున పోయే రిటైరైనవాళ్ళు స్కూటరు ఆపి, రేకు చూసి, తల ఊపి పోయేవారు. దాంతో నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఊరంతా ప్లాంటే అనుకున్నాను. ఇక్కడ ముసలైనవాడు తప్ప ఇంకెవడూ చేయని తప్పు అది.

తరవాత మావాడే ఇంటికి వచ్చాడు. స్వీటు డబ్బా తెచ్చాడు. కాళ్ళకు దండం పెట్టాడు.

"గురువుగారూ, ఆ ట్యాగు విప్పీండి. పైపైన కొమ్మలే, చెట్టుకేటీ అవదు."

"పిల్లలు ఎగిరిపోయాక విప్పుతా."

"ఎప్పుడెగురుతాయేటి?"

"దసరా లోపల."

వాడు నెత్తి గోక్కున్నాడు. "ఓపెనింగు చవితికండీ. షోరూము సేఠు ఆఫర్లు అచ్చేసేసేడు. కొంగపిల్లకి రెక్కలొచ్చే దాకా ఫ్రిజ్ కొనకండని జనానికి చెప్పగల్నా?"

"చెప్పు. వాళ్ళ ఇళ్ళలో ఉన్న ఫ్రిజ్‌లు ఏమైనా చచ్చాయా? ఈ వీధిలో ఏ ఇంటి వెనక చూసినా పాత టీవీ ఒకటి వానలో తడుస్తోంది. పనిచేసేదే. కొత్తది వచ్చిందని బయట పడేశారు."

"మీతో మాటాడలేనండీ బాబూ."

"నా సంగతి వదిలెయ్. ట్యాగు సంగతి చెప్పు."

వాడు లేచి చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు. "మీరు కట్టేరు, మీరే విప్పాల. అది నాకు తెల్దేటి?"

దాన్ని నేను మాట ఇచ్చినట్టు తీసుకున్నాను.

మా బావమరిది రైల్వేలో గార్డుగా చేసి దగ్గర్లో చరోదాలోనే ఉండిపోయాడు. కాలు విరిగిందంటే చూడబోయాను. తిరిగి వస్తూ సుపేలాలో దిగేసరికే చెవులకు రంపం మిషను రొద తగిలింది. జనం. ఆటోలు అడ్డదిడ్డంగా నిలిచిపోయాయి. తోసుకుంటూ పోయాను.

చెట్టు సగం నరికి ఉంది. పెద్ద కొమ్మను తాడు కట్టి దించనైనా లేదు, కోసి వదిలేశారు. కింద పడి, గూళ్ళన్నీ చెదిరిపోయి ఉన్నాయి. పిల్లలు పండ్లు రాలినట్టు రాలాయి అని రాయబోయి ఆగాను. పండు అరవదు. పండుకు మెడ ఉండదు. సగం ఈకలు వచ్చిన పిల్లలు, పొడుగు మెడలు, పెద్ద నోళ్ళు. భయానికి అవి కడుపులోని చేపలు కక్కుతున్నాయి. రోడ్డు మీద చేపలు, రక్తం, కళ్ళాపి నీళ్ళలా పచ్చటి రెట్ట. ఊరకుక్కలు ఒక్కొక్కదాన్ని మెడ పట్టి విదిలిస్తున్నాయి. ఒక స్కూటరు వాడు చూసుకోక రెండింటి మీంచి పోయాడు, ఆ చప్పుడు నాకు వినపడింది. కొమ్మలు ఏరేవాడు సిమెంటు సంచిలోకి తోస్తున్నాడు, చచ్చినవీ బతికినవీ కలిపే. సంచి కదులుతోంది. కదిలినప్పుడల్లా దాన్ని కాలితో తన్నుతున్నాడు. పైన తల్లులు తిరుగుతూ, దిగబోయి, రంపం రొదకు మళ్ళీ లేస్తున్నాయి.

జనంలో ఒక్కడి చేయీ ఖాళీగా లేదు. అన్ని చేతుల్లోనూ ఫోన్లే, పైకెత్తి.

మావాడు అవతల నిలబడి పని చెబుతున్నాడు. నా ఎర్ర రేకు వాడి చొక్కా జేబులో ఉంది, ఒక మూల బయటికి కనబడుతోంది. పారేయలేదు. పారేయడానికి చేయి రాలేదేమో.

"ఎవడు విప్పాడురా?" అన్నాను.

"నేనే గురువుగారూ."

"ఎవరు విప్పాలి?"

వాడు జేబులోని రేకును లోపలికి నొక్కుకున్నాడు.

"చెప్పరా. ఎవరు విప్పాలి?"

"కట్టినోళ్ళు."

ఆ మాట వాడి నోట్లో ఉండగానే చేతిలో ఉన్న గొడుగు తిప్పి మెడమీద వేశాను. రెండోది చెవిమీద పడింది. చెవి చిట్లి రక్తం కారింది. మూడోదానికి గొడుగు ఊచ వంగింది, గుడ్డ చిరిగింది. వాడు చేయి ఎత్తలేదు. తల వంచి నిలబడ్డాడు. అది చూసి నాకు ఇంకా మండింది. ఎదురు తిరిగితే ఆగేవాణ్ణేమో. రంపం పట్టుకున్నవాడు వచ్చి నన్ను గుండెల మీద తోశాడు. కొత్తగా కోసిన మొద్దు అంచు మీద ముఖం పెట్టి పడ్డాను. పెదవి తెగింది. పై పన్ను ఒకటి ఊడి నాలుక మీదికి వచ్చింది. నోరంతా రక్తం, రంపపు పొట్టు.

"ఒద్దురా! ముట్టకండి, నా గురువు!" అని మావాడు అరుస్తున్నాడు. నన్ను లేపడానికి వంగాడు. లేస్తూ మళ్ళీ కొట్టాను, ఈసారి చేత్తో, మూతి మీద. దానికి నేను ఇప్పటికీ సిగ్గుపడడం లేదు. సిగ్గుపడమని మా ఆవిడ చెప్పింది, మా బావమరిది ఫోను చేసి చెప్పాడు. పడలేను.

మావాడు మూతి తుడుచుకుని మెల్లిగా అన్నాడు. "కొట్టండి గురువుగారూ. చాలకపోతే ఇంకా కొట్టండి. బోర్డు మాత్రం చవితికి ఎలగాల. నా ఇల్లు దానిమీదే గడవాల."

నా కాళ్ళ దగ్గర ఒక పిల్ల ఇంకా కొట్టుకుంటోంది. తీసి అరచేతిలో పెట్టుకున్నాను. ఒళ్ళు వేడిగా ఉంది. ముక్కు తెరిచి నా వేలు పట్టుకుంది, తిండి అనుకుందేమో. ఇంతలో ఎవడో కుర్రవిలేఖరి, ఫోనుకు మైకు తగిలించుకుని ముందుకు వచ్చాడు. "దాదాజీ, ఆప్ కో కైసా లగ్ రహా హై?" ఎలా ఉందట నాకు. నోట్లోంచి రక్తం కారుతున్నవాణ్ణి ఎలా ఉందని అడిగాడు. తరవాత బతిమాలాడు. ఇందాకటిది వెనకనుంచి వచ్చిందట, ముఖం పడలేదట. ఇంకొక్కసారి కొట్టగలరా అన్నాడు. అప్పటికి నా చేతిలో పిల్ల మెడ వాలిపోయింది.

చెట్టు పడేసరికి బోర్డు సగం కనపడింది. వాన పట్టుకుంది. రెండో చెట్టు జోలికి ఆ రోజు పోలేదు.

మర్నాడు పొద్దున్నే మా ఆవిడ ఫోను పట్టుకుని వంటింట్లోంచి పరుగెత్తుకు వచ్చింది. "ఏటండోయ్, ఇది మీరేనా?"

నేనే. గొడుగు ఎత్తుతున్నాను, దించుతున్నాను. దెబ్బ పడినప్పుడల్లా ఢమాల్ అని డోలు, తరవాత నవ్వులు. నేను పడ్డది మూడుసార్లు వెనక్కీ ముందుకీ తిప్పారు. కింద జనం రాతలు. కొందరు చాచా జిందాబాద్ అన్నారు. కొందరు ఇలాంటి ముసలాళ్ళను కట్టేసి ఉంచాలన్నారు. కొంగలు అందులో ఎక్కడా లేవు. ఒక్క పిల్ల కూడా లేదు. చెట్టు సైతం లేదు.

"మిమ్మల్ని చూడాలంటే ముందు ఫ్రిజ్ కొనమంటందండీ" అంది మా ఆవిడ. నిజమే. వీడియో మొదట్లో అదే షోరూము ప్రకటన. నేను రక్తం కక్కడం చూడాలంటే ముందు అయిదు క్షణాలు వాళ్ళ ఫ్రిజ్ తలుపు తెరుచుకోవాలి. నవ్వుతూ చూపించిన మనిషి ఒక్కసారిగా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "పన్ను ఊడింది చూడండి, అదీ చూపించేరు" అని ఏడ్చింది.

నాకు రాత నేర్పినవాడు ఎవడూ లేడు. ప్లాంటు కాలనీలో తెలుగువాళ్ళు పెట్టుకున్న చిన్న లైబ్రరీలో, రెండో షిఫ్టుకు పోయేముందు కూర్చుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాను. పత్రికలో పడిందంటే జరిగినదన్నమాట అని అప్పుడు నమ్మేవాణ్ణి. ఇప్పుడు జరిగినదంతా ఫోనులో పడింది, జరిగినదొక్కటి తప్ప.

చవితి రోజు పొద్దున్న ప్లాస్టిక్ కుర్చీ తీసుకుపోయి రెండో చెట్టు కింద కూర్చున్నాను. ట్యాగు చెట్టుకే ఉంది. పైన పిల్లలు తిండికి అరుస్తున్నాయి. ఎదురుగా షోరూము తెరిచారు. ముందు వచ్చినవాళ్ళకు మిక్సీ ఊరికే ఇస్తామన్నారట. తలుపు తీయగానే జనం మందలా పడ్డారు. ఒకరి జుట్టు ఒకరు పట్టుకున్నారు. అద్దం తలుపు పగిలి, ఒకామె మోచేయి నుంచి మణికట్టు దాకా చీరుకుపోయింది. తెల్లటి నేలమీద రక్తం జారింది. వెనకవాళ్ళు ఆ రక్తం తొక్కుకుంటూ లోపలికి పోయారు, తొక్కిన కాళ్ళ గుర్తులు డబ్బాల వరస దాకా కనపడ్డాయి. ఆమె కట్టు కట్టించుకోవడానికి పోతూ కూడా రెండో చేత్తో మిక్సీ డబ్బా వదలలేదు. నెత్తిన కొత్త బోర్డు వెలుగుతోంది. టీవీ అమ్మడానికి అడవి బొమ్మ వేశారు. ఆ అడవిలో తెల్లటి పక్షులు ఎగురుతున్నాయి, కనపడినంత మేరకు. మిగతా సగానికి నా నెత్తిన ఉన్న కొమ్మలు అడ్డం.

మావాడు ఆ సందట్లో నా ముందునుంచే పోయాడు. చెవికి పట్టీ. చూడనట్టు పోయాడు. సేఠు వాడి భుజం మీద చేయి వేసి, చెట్టు వైపు వేలు పెట్టి ఏదో చెబుతున్నాడు.

ఆ సాయంత్రం నేను మావాడికి ఫోనులో ఒకే మాట పంపాను. క్షమించమని అడగలేదు. మొదటి చెట్టు ఊసు ఎత్తలేదు. రెండోదాన్ని ఈ పిల్లలు ఎగిరిపోయేదాకా ఉంచుతావా, ఉంచవా, అంతే. జవాబు లేదు. మర్నాడు మళ్ళీ పంపాను. లేదు. వాడి ఇంటికి పోతే వాళ్ళావిడ గుమ్మంలోనే నిలబడి, "ఆయన ఉతై ఊరు ఎల్లేరండీ" అంది. వాడి కారు వాకిట్లోనే ఉంది. గేటు బయట గట్టు మీద కూర్చున్నాను. ఎండ నెత్తికెక్కింది. ఆవిడ ఒకసారి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, నా పెదవి మీద కుట్లు చూసి లోపలికి పోయింది. పోతూ తలుపు వేసుకోలేదు. లోపల టీవీ మోగుతోంది. చీకటి పడకముందే లేచి వచ్చేశాను.

రోజూ చెట్టు కిందికి పోతూనే ఉన్నాను. బండి చప్పుడు వినపడితే లేచి నిలబడుతున్నాను. కొత్త గొడుగు కొనలేదు, పాతదాని ఊచే చేతిలో పెట్టుకుంటున్నాను. చెట్టు కొడితే మళ్ళీ వాణ్ణి కొడతాను, అందులో సందేహం లేదు. అటు పోయే జనంలో కొందరు నన్ను గుర్తుపట్టి స్కూటర్లు ఆపుతున్నారు. "వీడియో వాలే దాదా" అని పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. తలెత్తి పైన ఏముందో ఒక్కరూ చూడలేదు.

నిన్న మధ్యాహ్నం వాడి జవాబు వచ్చింది. రాయలేదు, గొంతుతో చెప్పి పంపాడు. మా ఆవిడా నేనూ కలిసి విన్నాం. ఒక్క ముక్క మార్చకుండా కింద పెడుతున్నాను.

"గురువుగారూ, నమస్తే. నిమ్మళంగా ఉండండి, రెండో చెట్టు కొట్టటం లేదు. మీరు నన్ను కొట్టిన వీడియో చూసేక జనం అక్కడ ఆగి ఫొటోలు తీసుకుంటన్నారు కదా, సేఠుకి బాగా నచ్చింది. బోర్డు కొంచెం పక్కకి జరిపిద్దారంటన్నాడు. చెట్టుకి మాత్రం మొదలు కాడ నుంచి చివరి కొమ్మ దాకా రంగు లైట్లు చుట్టీసి తెల్లార్లూ ఎలిగించమన్నాడు, ఆ పని కూడా నాకే ఇచ్చేడు. కొంగలుంటే ఫొటోలు ఇంకా బాగుంటాయంట. అవి ఎగిరిపోకుండా ఉండాలంటే ఏటి చెయ్యాలో మీకే తెలుస్తాది, అడిగి చెప్పమన్నాడు."